మురుగు స్లడ్జ్ నుంచి గ్యాస్, కరెంటు తీయడం ఎలా?

పల్లెలో గోబర్ గ్యాస్ తొట్టిలో జరిగేదే నగరంలోని మురుగు శుద్ధి కేంద్రంలో, అంటే ఎస్‌టీపీలో స్లడ్జ్‌ను, అంటే మురుగు నుంచి వేరైన బురదను, అరిగించే డైజెస్టర్ ట్యాంకులోనూ జరుగుతుంది. గాలి చొరబడని చోట సూక్ష్మజీవులు కుళ్ళే పదార్థాన్ని తిని మీథేన్, కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఇదేం కొత్త విద్య కాదు. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో 1895లోనే సెప్టిక్ ట్యాంకు గ్యాస్‌తో దీపాలు వెలిగించారు. మన దేశంలో సూరత్ నగరపాలక సంస్థ అంజనా ఎస్‌టీపీలో 2003లో అర మెగావాట్ ఇంజన్ పెట్టింది. చెన్నైలో కొడుంగయ్యూర్, కోయంబేడు, పెరుంగుడి, నెసపాక్కం ప్లాంట్లు కూడా స్లడ్జ్ గ్యాస్‌తో కరెంటు తీశాయి.

అయినా డైజెస్టర్ కట్టి, ఇంజన్ కొని, చివరికి వచ్చిన కాస్త గ్యాస్‌నూ ఫ్లేర్‌లో (మిగులు గ్యాస్‌ను ఊరికే మండించే గొట్టంలో) తగలేసే ప్లాంట్లు ఉన్నాయి. అడిగితే ఇంజన్ మీద నెపం పెడతారు. నన్నడిగితే తప్పు చాలాసార్లు ఇంజన్ దాకా రాకముందే జరిగిపోయి ఉంటుంది: ట్యాంకులోకి పల్చటి స్లడ్జ్ పంపడం, అదీ వేళాపాళా లేకుండా పంపడం. కొత్తగా డైజెస్టర్ బాధ్యత మీద పడిన మున్సిపల్ ఇంజనీరు, ఆపరేటర్, కెమిస్ట్ ఈ రెండు విషయాలనూ గట్టిగా పట్టుకుంటే మిగతావి దారికి తెచ్చుకోవచ్చు.

మీ ప్లాంటుకు డైజెస్టర్ పనికొస్తుందా?

ముందు మీ ప్లాంటులో ప్రైమరీ క్లారిఫయర్ (మురుగులోని ఘనపదార్థం మొదట అడుగుకు దిగే తొట్టి) ఉందో లేదో చూడండి. గ్యాస్ ఎక్కువగా ఇచ్చేది ప్రైమరీ స్లడ్జే. మురుగులో తేలికగా అడుగుకు దిగే కొవ్వు, పిండి, మలపదార్థం అందులోనే ఉంటాయి. ఎయిరేషన్ (మురుగుకు గాలి కొట్టడం) తర్వాత వచ్చే సెకండరీ స్లడ్జ్ అంటే చాలావరకు బాక్టీరియా శరీరాలే. అవి అంత తొందరగా అరగవు.

హైదరాబాద్‌లో కొత్తగా కట్టిన ఎస్‌టీపీలకు ఎస్‌బీఆర్ పద్ధతి (ఒకే ట్యాంకులో విడతలవారీగా గాలి కొట్టి, స్లడ్జ్‌ను దించే పద్ధతి) ఎంచుకున్నారు. ఇలాంటి ప్లాంట్లలో మామూలుగా ప్రైమరీ క్లారిఫయర్ ఉండదు. పైగా స్లడ్జ్ చాలా రోజులు గాలిలోనే తిరుగుతూ ఉంటుంది కాబట్టి తినదగినదంతా అక్కడే ఖర్చయిపోతుంది. అలాంటి స్లడ్జ్‌ను డైజెస్టర్‌లో వేసి గ్యాస్ రావడం లేదని గొడవ పడితే లాభం లేదు. అంబర్‌పేటలోని పాత 339 ఎంఎల్‌డీ (రోజుకు 339 మిలియన్ లీటర్ల) ప్లాంటు కథ వేరు. అది యూఏఎస్‌బీ పద్ధతి. అక్కడ మురుగునీరే గాలి లేని రియాక్టర్ గుండా వెళ్తుంది, గ్యాస్ అక్కడే పుడుతుంది. విడిగా స్లడ్జ్ డైజెస్టర్ అవసరం ఉండదు.

ఇళ్ళ సెప్టిక్ ట్యాంకుల నుంచి ట్యాంకర్లు తెచ్చే మాలు మీద కూడా పెద్ద ఆశలు పెట్టుకోకండి. అది ఏళ్ళ తరబడి ట్యాంకులోనే అరిగిపోయి ఉంటుంది.

ఇక సైజు. నా అంచనాలో 15 ఎంఎల్‌డీ కంటే చిన్న ప్లాంటులో కరెంటు కోసం ఇంజన్ పెట్టడం తలకు మించిన పని. గ్యాస్ తీసి క్యాంటీన్ పొయ్యికో, బాయిలర్‌కో వాడుకోవడం మేలు.

కాగితం మీద లెక్క

30 ఎంఎల్‌డీ ప్లాంటు, ప్రైమరీ క్లారిఫయర్, ఎయిరేషన్ ఉండే మామూలు యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతి అనుకుందాం. మీ ల్యాబ్ అంకెలు వేసి ఇదే లెక్కను మళ్ళీ చేసుకోండి.

లీటరు మురుగులో 300 మిల్లీగ్రాముల ఘనపదార్థం తేలియాడుతూ ఉంటే, ప్రైమరీ క్లారిఫయర్ అందులో 60 శాతం పట్టుకుంటుంది. అంటే రోజుకు 5,400 కిలోలు. సెకండరీ నుంచి మరో 2,600 కిలోలు. మొత్తం ఎనిమిది టన్నుల పొడి ఘనపదార్థం. ఇందులో మండే భాగాన్ని ప్లాంటుల్లో వీఎస్ అంటారు. సూక్ష్మజీవులు తినగలిగేది ఇందులోనే ఉంటుంది. మన కాలువల్లో ఇసుక, మట్టి ఎక్కువ కాబట్టి 65 శాతానికి మించి వేసుకోకండి. 5,200 కిలోలు వచ్చింది.

డైజెస్టర్ బాగా నడిస్తే అందులో 45 శాతం అరుగుతుంది, అంటే 2,340 కిలోలు. అరిగిన ప్రతి కిలోకు సుమారు 0.9 ఘనమీటరు గ్యాస్. రోజుకు 2,100 ఘనమీటర్లు. ఇంజన్ ఘనమీటరుకు రెండు యూనిట్లు ఇస్తుంది. అంటే 4,200 యూనిట్లు. ఇలాంటి ప్లాంటు మిలియన్ లీటర్ల మురుగు శుద్ధికి సుమారు 200 యూనిట్లు తింటుంది కాబట్టి 30 ఎంఎల్‌డీకి 6,000 యూనిట్లు కావాలి. మీ బిల్లులో మూడింట రెండొంతులు గ్యాస్ మోస్తుందన్నమాట. అంతకు మించి ఎవరైనా డీపీఆర్‌లో (ప్రాజెక్టు నివేదికలో) రాసి తెస్తే ఏ అంకెను పెంచారో వెతకండి. ఎక్కువగా దొరికిపోయేది వీఎస్ శాతమే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఎనిమిది టన్నులను 4 శాతం చిక్కదనంతో పంపితే రోజుకు 200 ఘనమీటర్లు అవుతుంది. 4,000 ఘనమీటర్ల ట్యాంకులో అది 20 రోజులు ఉంటుంది, చక్కగా అరుగుతుంది. అదే స్లడ్జ్‌ను 2 శాతంతో పంపారనుకోండి, రోజుకు 400 ఘనమీటర్లు. ట్యాంకులో ఉండేది పది రోజులే. మీథేన్ ఇచ్చే సూక్ష్మజీవులు నిదానంగా పెరుగుతాయి. అవి పెరిగే వేగం కంటే బయటికి కొట్టుకుపోయే వేగం ఎక్కువైతే ట్యాంకులో అవి మిగలనట్టే. పైగా రెట్టింపు నీళ్ళను వేడి చేయాలి. ప్లాంటు సైజు మారలేదు, స్లడ్జ్ బరువు మారలేదు, నీళ్ళే మారాయి.

స్లడ్జ్‌ను సిద్ధం చేయడం

ముందు చెత్త. షాంపూ ప్యాకెట్లు, జుట్టు, గుడ్డపీలికలు, ప్లాస్టిక్ కవర్లు స్క్రీన్ దాటి లోపలికి వస్తే తాడులా పేనుకుని మిక్సర్ రెక్కలకు చుట్టుకుంటాయి. ఆ ముడి విప్పాలంటే డైజెస్టర్ తెరవాలి. అది ఎంత పెద్ద తతంగమో చేసినవాళ్ళకు తెలుసు. కాబట్టి ఇన్‌లెట్‌లో 6 మిల్లీమీటర్ల ఫైన్ స్క్రీన్ ఉండాలి, అది రోజూ పనిచేయాలి. గ్రిట్‌ను, అంటే ఇసుకను, పట్టే గ్రిట్ చాంబర్ సంగతీ అంతే. ఇసుక డైజెస్టర్ అడుగున పేరుకుపోతే 4,000 ఘనమీటర్ల ట్యాంకు మీకు తెలియకుండానే 3,000 అవుతుంది. వానాకాలంలో వరద కాలువల నీళ్ళు డ్రైనేజీలో కలిసే ఊళ్ళలో జూన్ నుంచి అక్టోబరు దాకా గ్రిట్‌ను రెండింతలు కనిపెట్టుకుని ఉండాలి.

తర్వాత చిక్కబరచడం. ప్రైమరీ స్లడ్జ్ గ్రావిటీ థికెనర్‌లో దానంతటదే 4-5 శాతానికి వస్తుంది. సెకండరీ స్లడ్జ్ ఒక శాతం కూడా ఉండదు, ఉబ్బి తేలుతుంది. దానికి బెల్ట్ థికెనరో, డ్రమ్ థికెనరో, సెంట్రిఫ్యూజో పెట్టి కాస్త పాలిమర్ వేస్తే 5 శాతం దాకా తేవచ్చు. రెండింటినీ ఒకే గ్రావిటీ థికెనర్‌లో కలిపి పోస్తే రెండూ సరిగ్గా దిగవు. వేసవిలో థికెనర్‌లో స్లడ్జ్‌ను ఒక రోజుకు మించి ఉంచకండి. నలభై డిగ్రీల ఎండలో అది అక్కడే పులిసి, బుడగలు కట్టి పైకి తేలుతుంది. డైజెస్టర్‌కు చేరాల్సిన ఆహారం థికెనర్‌లోనే పాడవుతుంది.

చిక్కదనాన్ని కంటితో చూసి చెప్పే ఆపరేటర్లు ఉంటారు. నమ్మకండి. పింగాణీ గిన్నెలో తూచిన స్లడ్జ్‌ను 105 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి మళ్ళీ తూచండి. మిగిలింది మొత్తం ఘనపదార్థం. దాన్నే 550 డిగ్రీల ఫర్నేస్‌లో కాల్చి తూస్తే పోయిన బరువు వీఎస్. ఈ రెండు అంకెలు రోజూ రిజిస్టర్‌లో పడాలి. నెల రోజుల రిజిస్టర్ చూస్తే ఆ ప్లాంటు ఎలా నడుస్తోందో సగం తెలిసిపోతుంది.

వేడి, కలపడం

ట్యాంకు లోపల 35-37 డిగ్రీలు ఉండాలి. అంకె కంటే అది నిలకడగా ఉండటం ముఖ్యం. రోజుకు ఒక డిగ్రీకి మించి మారకూడదు. మన దగ్గర మురుగే 26-30 డిగ్రీలు ఉంటుంది కాబట్టి చలి దేశాలంత కష్టం లేదు. అలాగని హీటర్ వద్దనుకుంటే డిసెంబరు రాత్రుల్లో గ్యాస్ పడిపోతుంది. పై లెక్కలోని 200 ఘనమీటర్ల స్లడ్జ్‌ను 28 నుంచి 36 డిగ్రీలకు తేవడానికి రోజుకు సుమారు 1,900 యూనిట్ల వేడి చాలు. ఇంజన్ జాకెట్ నీళ్ళలో, పొగలో వృథాగా పోయే వేడి దానికి రెండింతలకు పైనే ఉంటుంది. హీట్ ఎక్స్‌చేంజర్ పెట్టి ఆ వేడినే వాడుకోండి. ఇంజన్ ఆగిన రోజుల కోసం గ్యాస్‌తో నడిచే చిన్న బాయిలర్ ఉండాలి.

కలపడం సరిగ్గా లేకపోతే పైన తెట్టు కడుతుంది, అడుగున ఇసుక దిగుతుంది, కొత్త స్లడ్జ్ దొంగదారిన నేరుగా బయటికి పోతుంది. ట్యాంకు పైన, మధ్యలో, కింద నుంచి శాంపిల్స్ తీసి ఘనపదార్థం శాతం చూడండి. మూడూ దగ్గరదగ్గరగా ఉంటే మిక్సింగ్ బాగున్నట్టు.

మొదటిసారి నడపడం

ఖాళీ ట్యాంకులోకి నేరుగా స్లడ్జ్ నింపేసి నెల తర్వాత గ్యాస్ కోసం చూడటం సరైన పద్ధతి కాదు. అది పులిసి కంపు కొడుతుందంతే.

ముందు ట్యాంకును శుద్ధి చేసిన నీళ్ళతో పైకప్పు దాకా నింపండి. ఇలా చేస్తే పైన గాలి చాలా తక్కువ మిగులుతుంది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. కొత్త ట్యాంకు ఆ దశను దాటే తీరుతుంది. అందుకే మిగిలిన కాస్త చోటును కూడా నైట్రోజన్‌తో తరిమేయడం మంచిది. ఆ రోజుల్లో వెల్డింగ్, బీడీ, సిగరెట్, మామూలు టార్చిలైటు ఏవీ ట్యాంకు దరిదాపుల్లోకి రాకూడదు.

నీళ్ళను 35 డిగ్రీలకు వేడి చేయండి. తర్వాత తోడు. ఇప్పటికే నడుస్తున్న డైజెస్టర్ నుంచి తెచ్చిన స్లడ్జ్ అయితే శ్రేష్ఠం. ట్యాంకులో పదో వంతు, అంటే మన ఉదాహరణలో 400 ఘనమీటర్లు కావాలి. పది వేల లీటర్ల ట్యాంకర్లు 40. అది దొరక్కపోతే పేడ. గడ్డి, రాళ్ళు లేకుండా జల్లించి, నీళ్ళలో కలిపి వేయాలి. పేడతో మొదలైన ట్యాంకు కుదురుకోవడానికి ఎక్కువ వారాలు పడుతుంది.

తోడు వేశాక పూర్తి ఫీడ్‌లో పదో వంతు మాత్రమే పంపండి. వారానికి పది శాతం చొప్పున పెంచుకుంటూ పోండి, అదీ కింద చెప్పే ల్యాబ్ పరీక్ష సరేనంటేనే. లేకపోతే ఆ వారం అక్కడే ఆగండి. రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా ప్రారంభోత్సవం తేదీ పెట్టేసి మీద పడే పెద్దలు ఉంటారు. ఆ టెన్షన్‌లో ఫీడ్ పెంచితే ట్యాంకు పులిసి మళ్ళీ మొదటికొస్తుంది. మొదట్లో వచ్చే గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడే ఎక్కువ, మండదు. అనలైజర్‌లో మీథేన్ 50 శాతం దాటి, ఆక్సిజన్ దాదాపు లేదని తేలాకే ఫ్లేర్ వెలిగించండి.

రోజూ ఫీడ్ వేయడం

డైజెస్టర్‌ను మనిషి పొట్టలా చూసుకోవాలి. వారమంతా పస్తు పెట్టి ఆదివారం విందు పెడితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

రోజుకు 200 ఘనమీటర్లు పంపాలంటే గంటకు ఎనిమిది చొప్పున రాత్రింబవళ్ళు పంపడం ఉత్తమం. పంపుకు టైమర్ పెడితే అయిపోతుంది. కుదరకపోతే రోజుకు కనీసం ఆరుసార్లు. పొద్దున షిఫ్టు ఆపరేటర్ ఒక్కసారే పంపు వేసి టీకి వెళ్ళిపోయే అలవాటుంటే గ్యాస్ మీటర్ గీత చూస్తేనే తెలిసిపోతుంది: మధ్యాహ్నానికి కొండలా లేచి, తెల్లవారుజామున పడుకుంటుంది. ఇంజన్‌కు అలాంటి గ్యాస్ పనికిరాదు. నురగ కూడా ఎక్కువగా ఇలాంటి ట్యాంకుల్లోనే పొంగుతుంది. పండగ సెలవులున్నా ఫీడ్ ఆగకూడదు.

ఘనమీటరు ట్యాంకుకు రోజుకు ఎన్ని కిలోల వీఎస్ వెళ్తోందో చూసుకోండి. మన ఉదాహరణలో 1.3. బాగా కలిసే, వేడి నిలకడగా ఉండే ట్యాంకు 2 నుంచి 3 దాకా తట్టుకుంటుంది. అందుకే ట్యాంకులో చోటున్న ప్లాంట్లు హోటళ్ళ మిగులు, కూరగాయల వ్యర్థం, వాడిన నూనె కలిపి గ్యాస్ పెంచుకుంటాయి. కూరగాయల వ్యర్థంలో ఎంత సరుకుందో బోయిన్‌పల్లి మార్కెట్ చూపించింది. అక్కడ హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఐఐసీటీ సాంకేతికతతో పెట్టిన ప్లాంటు పది టన్నుల మార్కెట్ వ్యర్థం నుంచి రోజుకు 500 యూనిట్ల దాకా కరెంటు తీసేలా రూపొందింది. మీరు కలపాలనుకుంటే మొత్తం వీఎస్‌లో ఐదు శాతంతో మొదలుపెట్టండి. నూనె, కొవ్వు గ్యాస్ బాగా ఇస్తాయి, కానీ ఒక్కసారిగా పోస్తే ట్యాంకును పడగొట్టేదీ అవే.

స్లడ్జ్ ఎంత లోపలికి వెళ్తే అంతే బయటికి రావాలి. కింద వాల్వ్ తెరిచి వేగంగా లాగేస్తే పైన వాక్యూమ్ ఏర్పడుతుంది. వాల్వ్‌లోంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది. గ్యాస్ ట్యాంకులో గాలి కలిస్తే ఏమవుతుందో పైనే చెప్పాను. ట్యాంకు పైకప్పు లోపలికి కుంగిపోయే ప్రమాదమూ ఉంది. ఓవర్‌ఫ్లో ద్వారా దానంతటదే బయటికి పోయే ఏర్పాటు ఉంటే ఈ బాధ ఉండదు.

ల్యాబ్‌లో పది నిమిషాలు

పీహెచ్ మీటర్ చూసి ట్యాంకు బాగుందనుకోకండి. పీహెచ్ పడిపోయేసరికి రోగం ముదిరి ఉంటుంది. స్లడ్జ్‌లో ఉండే క్షారత చాలా రోజులు ఆమ్లాన్ని కాచుకుంటుంది. అది అరిగిపోయాకే పీహెచ్ కదులుతుంది. చూడాల్సింది ఆమ్లానికీ క్షారతకూ ఉన్న నిష్పత్తి. దీన్ని ఎఫ్ఓఎస్-టీఏసీ పరీక్ష అంటారు. బ్యూరెట్, పీహెచ్ మీటర్, 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటే చాలు.

డైజెస్టర్ స్లడ్జ్‌ను ముతక జల్లెడలో వడకట్టి, వీలైతే సెంట్రిఫ్యూజ్ తిప్పి, 20 మిల్లీలీటర్లు బీకరులోకి తీసుకోండి. శాంపిల్ తీయగానే చేయాలి. బల్ల మీద వదిలేస్తే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ దానంతటదే పెరుగుతుంది. మెల్లగా కలుపుతూ ఆమ్లం వదలండి. పీహెచ్ 5.0కు వచ్చేసరికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకోండి. దాన్ని 250తో హెచ్చిస్తే క్షారత. అక్కడి నుంచి 4.4కు రావడానికి ఇంకా ఎంత పట్టిందో రాసుకోండి. దాన్ని 1.66తో హెచ్చించి, 0.15 తీసేసి, 500తో హెచ్చిస్తే ఆమ్లాలు.

మొదటిది 12 మిల్లీలీటర్లు, రెండోది 1.0 వచ్చిందనుకోండి. క్షారత 3,000, ఆమ్లాలు 755, నిష్పత్తి 0.25. నిశ్చింతగా ఉండొచ్చు. మొదటిది 10, రెండోది 2.2 వస్తే 2,500కు 1,751. నిష్పత్తి 0.7. ఆ రోజు ఫీడ్ ఆపాల్సిందే. మధ్యలో 0.3-0.4 హద్దు. అంతకంటే ముఖ్యం, నిష్పత్తి ఎటు నడుస్తోందన్నది. ఎప్పుడూ 0.2 ఉండే ట్యాంకు వారంలో 0.32కు వస్తే హద్దు దాటకపోయినా కారణం వెతకండి.

ట్యాంకు పులిస్తే

వరుస ఇలా ఉంటుంది: ఆమ్లాలు పెరుగుతాయి, గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ శాతం ఎక్కుతుంది, గ్యాస్ తగ్గుతుంది, ఫ్లేర్ మంట ఊగిసలాడి ఆరిపోతూ ఉంటుంది, అన్నింటి చివర పీహెచ్ 6.8 కిందికి జారుతుంది.

చేయాల్సిన మొదటి పని ఫీడ్‌ను సగానికి తగ్గించడం, ముదిరితే పూర్తిగా ఆపడం. కలపడం, వేడి మాత్రం ఆపకండి. తర్వాత కారణం. హీటర్ చెడిందా? థికెనర్ నుంచి ఒక్కసారిగా ఎక్కువ వచ్చిందా? ఏదైనా ఫ్యాక్టరీ ట్యాంకర్ రాత్రిపూట మ్యాన్‌హోల్‌లో దింపేసి పోయిందా? కారణం తెలియకుండా మందు వేస్తే వారంలో మళ్ళీ అదే కథ.

క్షారత పెంచాలంటే సోడియం బైకార్బొనేట్ మంచిది. కానీ ఖర్చు చూసుకోండి. 4,000 ఘనమీటర్ల ట్యాంకులో లీటరుకు 500 మిల్లీగ్రాముల క్షారత పెంచడానికి మూడు టన్నులకు పైగా పడుతుంది. సున్నం చవక, అందుకే అందరి చెయ్యీ ముందు దాని మీదికే వెళ్తుంది. సున్నం ట్యాంకులోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుని సుద్దగా మారి అడుగున పడుతుంది. ఎక్కువ వేస్తే గ్యాస్ ఒక్కసారిగా తగ్గి వాక్యూమ్ వస్తుంది. వేయక తప్పకపోతే కొద్దికొద్దిగా, పీహెచ్ 6.7-6.8 దాటనివ్వకుండా వేయండి.

గ్యాస్ లైను, మనుషుల ప్రాణాలు

డైజెస్టర్ గ్యాస్‌లో 60-65 శాతం మీథేన్, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, వాటితో పాటు వందల నుంచి వేల పీపీఎంలలో (పది లక్షల వంతుల్లో ఇన్ని వంతులు) హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కుళ్ళిన గుడ్ల వాసన వస్తే గుర్తుపట్టొచ్చు కదా అనుకుంటారు. 100 పీపీఎం దాటాక ఆ గ్యాస్ ముక్కును మొద్దుబారుస్తుంది, వాసన ఆగిపోతుంది. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు. జేబుకు తగిలించుకునే గ్యాస్ డిటెక్టర్ లేకుండా ఎవరినీ ఆ చుట్టుపక్కలకు పంపకండి. 10 పీపీఎం దగ్గర అలారం మోగాలి.

ట్యాంకులోకి, స్లడ్జ్ సంప్‌లోకి, వాల్వ్ చాంబర్‌లోకి మనిషిని దింపే పని మామూలు లేబర్ కాంట్రాక్టర్‌కు ఇవ్వకండి. రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలువలోకీ సెప్టిక్ ట్యాంకులోకీ దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. డైజెస్టర్ వాటికంటే ప్రమాదకరం. ఒకరు పడిపోతే కాపాడబోయి రెండోవారు, మూడోవారు పోవడం ఇలాంటి చోట్ల పదేపదే జరుగుతున్నదే. గాలి కొట్టించి, డిటెక్టర్ దింపి చూసి, ట్రైపాడ్, హార్నెస్, బ్రీతింగ్ సెట్ ఉంటేనే, పర్మిట్ రాసిస్తేనే దిగాలి. పైన కనిపెట్టుకుని ఒకరు ఉండాలి, వాళ్ళు ఏ పరిస్థితిలోనూ దిగకూడదు.

ట్యాంకు మీదున్న ప్రెషర్-వాక్యూమ్ వాల్వ్‌ను, దానికి తగిలించిన, మంట లోపలికి పాకకుండా ఆపే ఫ్లేమ్ అరెస్టర్‌ను మూడు నెలలకోసారి విప్పి శుభ్రం చేయించండి. నురగ పొంగినప్పుడు స్లడ్జ్ వాటిలో చేరి ఎండి బిగుసుకుపోతుంది. ప్రాణం కాపాడాల్సిన వాల్వ్ తెరుచుకోదు.

ఇక కండెన్సేట్ ట్రాప్. ట్యాంకులోంచి వచ్చే గ్యాస్ 36 డిగ్రీల ఆవిరితో తడిసి ఉంటుంది. రాత్రి పైపు చల్లబడగానే ఆ ఆవిరి నీరై పల్లంలో చేరుతుంది. పైపు ట్రాప్ వైపు వాలుగా ఉండాలి, ప్రతి షిఫ్టులో నీళ్ళు వదలాలి. ట్రాప్‌కు రెండు వాల్వ్‌లు ఉంటాయి. పైది మూసి, కిందిది తెరిచి నీళ్ళు పోనివ్వండి. కిందిది మూశాకే పైది తెరవండి. రెండూ ఒకేసారి తెరిస్తే గ్యాస్ మీ కాళ్ళ దగ్గరే బయటికొస్తుంది. ఇంజన్ ఊరికే ఎగిరెగిరి పడుతోందని మెకానిక్‌ను పిలిచే ముందు ఈ ట్రాప్ చూడండి.

ఇంజన్‌కు పంపే ముందు

హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంజన్ ఆయిల్‌ను ఆమ్లంగా మార్చి బేరింగులను తినేస్తుంది. 200 పీపీఎం లోపుకు తెచ్చి పంపండి. కచ్చితమైన హద్దు మీ ఇంజన్ కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది, వారంటీ దాని మీదే ఆధారపడుతుంది. ఫీడ్‌లోనే ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ట్యాంకులోనే చాలావరకు కట్టడి అవుతుంది. మిగిలింది బయాలజికల్ స్క్రబ్బర్‌తోనో ఐరన్ స్పాంజ్‌తోనో (ఐరన్ ఆక్సైడ్ పట్టించిన చెక్కపొట్టుతో) తీసేయాలి. వాడేసిన ఐరన్ స్పాంజ్‌ను బయటికి తీసి ఎండలో ఆరబోస్తే దానంతటదే అంటుకుంటుంది. తడిపి ఉంచే తీయాలి.

షాంపూలు, క్రీముల్లోని సిలికాన్ పదార్థాలు మురుగులో కలిసి సిలోక్సేన్‌లుగా గ్యాస్‌లోకి వస్తాయి. ఇంజన్‌లో కాలి ఇసుకలా పిస్టన్ మీద పేరుకుంటాయి. దీనికి యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ కావాలి, దాని ముందు గ్యాస్‌ను చిల్లర్‌తో చల్లబరిచి ఆరబెట్టాలి.

4,200 యూనిట్లను 24 గంటలకు పంచితే 175 కిలోవాట్లు. ముందు ముందు పెరుగుతుందని 300 కిలోవాట్ల ఇంజన్ ఒకటి కొనకండి. సగం లోడ్‌లో నడిచే గ్యాస్ ఇంజన్ మసి పడుతుంది, ఖర్చు పెంచుతుంది. 100 కిలోవాట్లవి రెండు కొంటే ఒకటి రిపేరులో ఉన్నా రెండోది నడుస్తుంది.

గ్యాస్‌ను శుద్ధి చేసి సీబీజీగా (కంప్రెస్ చేసిన బయోగ్యాస్‌గా) అమ్మాలన్న ఆలోచన 2018లో కేంద్రం సతత్ పథకం తెచ్చాక పెరిగింది. భారతీయ ప్రమాణం ఐఎస్ 16087 ప్రకారం మీథేన్ కనీసం 90 శాతం ఉండాలి. మన 30 ఎంఎల్‌డీ ఉదాహరణలో రోజుకు టన్ను సీబీజీ కూడా రాదు. అంత చిన్న సరుకుకు శుద్ధి, కంప్రెసర్, రవాణా ఖర్చులు భారమవుతాయి. సొంత బ్లోయర్లను నడుపుకోవడమే లాభం. వంద ఎంఎల్‌డీ దాటిన ప్లాంట్లు మాత్రం ఈ లెక్క వేసి చూడాలి.

మిగిలిన స్లడ్జ్

ఎనిమిది టన్నుల్లో ఐదున్నర టన్నులకు పైగా ఘనపదార్థం ఇంకా మిగులుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో నీళ్ళు పిండితే రోజుకు పాతిక టన్నులకు పైగా తడి కేక్ వస్తుంది. పిండిన నీళ్ళలో అమ్మోనియా, ఫాస్ఫరస్ ఎక్కువ. వాటిని ఒక్కసారిగా ప్లాంటు ముందుకు వదిలితే ఎయిరేషన్ మీద భారం పడుతుంది, కాబట్టి రోజంతా సమానంగా వదలండి. ఆ పైపుల్లో తెల్లటి రాయిలా కట్టేది స్ట్రువైట్. సుత్తితో కొట్టి పైపు పగలగొట్టుకోకుండా పలుచటి ఆమ్లంతో కడిగించండి.

కేక్‌ను రైతులకు ఇవ్వాలనుకుంటే రెండు విషయాలు చూడాలి. 35 డిగ్రీలు ఏలికపాముల గుడ్లను చంపవు. కాబట్టి 55 డిగ్రీలు దాటేలా కొన్ని రోజులు కంపోస్ట్ చేయాలి. పచ్చిగా తినే ఆకుకూరలు, క్యారెట్, ముల్లంగి పొలాలకు ఇవ్వకూడదు. పటాన్‌చెరు, జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడల మురుగు కలిసే ప్లాంటైతే సీసం, కాడ్మియం, క్రోమియం పరీక్ష రిపోర్టు లేకుండా ఒక్క ట్రాక్టరు కూడా గేటు దాటకూడదు. ప్రతి లోడుకు తేదీ, బరువు, ఏ కుప్ప నుంచి తీశారు, ఏ పొలానికి వెళ్ళింది అన్నవి రిజిస్టర్‌లో రాయించి, ఆ కుప్ప ల్యాబ్ రిపోర్టు నంబరును రైతుకిచ్చే చీటీ మీద కూడా వేయించండి.